ఇద్దరిదీ సైనిక కొలువే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. భార్యాభర్తలిద్దరూ అమెరికా సైన్యంలోనే పనిచేస్తుంటే పోస్టింగులు ఎలా ఉంటాయి, ఇంటి అద్దె ఎవరికి ఎంత వస్తుంది, పిల్లల్ని ఎవరు చూసుకుంటారు అని. ఏడు ఉత్తరాలు ఎంచుకున్నాం. మిగతావారి సందేహాలకూ వీటిలో చాలావరకు జవాబు దొరుకుతుంది.

మా అమ్మాయి ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేస్తోంది. నార్త్ డకోటాలోని మైనాట్‌లో మిసైళ్ల విభాగం. కాబోయే అల్లుడిది ఆర్మీ, టెక్సాస్‌లోని ఎల్ పాసోలో ఉంటాడు. మాఘమాసంలో ముహూర్తం పెట్టుకున్నాం. పెళ్లయితే ఇద్దర్నీ ఒకేచోట వేస్తారని వియ్యంకులు ధీమాగా ఉన్నారు. నిజమేనా? – ఒక తల్లి, న్యూజెర్సీ

వేయడానికి ప్రయత్నిస్తారమ్మా, మాట మాత్రం ఇవ్వరు. మీ అమ్మాయి విషయంలో ఆ ప్రయత్నం కూడా అంత తేలిక కాదు.

ముందు నిబంధన సంగతి. ఇద్దరూ ఆర్మీలోనే ఉంటే వాళ్ల కోసం మ్యారీడ్ ఆర్మీ కపుల్స్ ప్రోగ్రామ్ అని ఒకటుంది. అందులో పేరు నమోదైతే ఒకరికి బదిలీ వచ్చినప్పుడు రెండోవారిని కూడా అక్కడికి పంపే వీలుందా అని చూస్తారు. మీ అల్లుడు అందులో చేరలేడు. భార్య వేరే దళంలో ఉన్నవాళ్లకు అది వర్తించదు. అతను డీఏ 4187 ఫారం మీద విడిగా అర్జీ పెట్టుకుని, తన విభాగంలో పోస్టింగులు చూసే అధికారితో మాట్లాడుకోవాలి. ఎయిర్‌ఫోర్స్‌లో దీన్ని జాయిన్ స్పౌస్ అంటారు. మీ అమ్మాయి రికార్డులో ఒక కోడ్ నమోదు చేయించుకోవాలి. ఏ లేదా బీ ఉంటే కలిసి ఉండాలని కోరుకుంటున్నట్టు, హెచ్ ఉంటే అక్కర్లేదన్నట్టు. ఇద్దరూ ఎయిర్‌ఫోర్స్ వాళ్లయితే ఇద్దరి రికార్డుల్లోనూ ఒకే కోడ్ ఉండాలి. పెళ్లి సందడిలో ఈ కోడ్ సంగతి మరిచిపోయి, ఆర్డర్లు వచ్చాక లబోదిబోమనేవాళ్లు చాలామంది.

అసలు చిక్కు ఉద్యోగంతోనే. ఇద్దరూ చేసే పనికి ఒకేచోట ఖాళీ ఉంటేనే కలిపి వేయగలరు. మినిట్‌మ్యాన్ అనే అణు మిసైళ్లున్న స్థావరాలు దేశం మొత్తంలో మూడే: మైనాట్, మోంటానాలోని మాల్మ్‌స్ట్రామ్, వయోమింగ్‌లోని ఎఫ్.ఈ. వారెన్. మైనాట్ దరిదాపుల్లో పెద్ద ఆర్మీ స్థావరమేదీ లేదు. వారెన్‌కు కాస్త దగ్గరలో ఉన్న పెద్ద ఆర్మీ పోస్టు కొలరాడోలోని ఫోర్ట్ కార్సన్, అదీ దాదాపు మూడు గంటల ప్రయాణం. ఎల్ పాసోకు దగ్గరి ఎయిర్‌ఫోర్స్ స్థావరం న్యూమెక్సికోలోని హోలోమన్, సుమారు గంటన్నర దూరం. అయితే అక్కడ జరిగేది ఎఫ్-16 శిక్షణ, డ్రోన్ల పని. మిసైళ్ల ఉద్యోగిని అక్కడికి పంపాలంటే వృత్తే మారాలి. ఇద్దరిలో ఎవరైనా నర్సింగ్, సప్లై, సైబర్, సిబ్బంది వ్యవహారాల లాంటి పనుల్లో ఉంటే ఇంత ఇబ్బంది ఉండదు. వృత్తి మార్పు గురించి ఆలోచించడానికి మంచి సమయం మొదటి కాంట్రాక్టు ముగిసి మళ్లీ సంతకం చేసే ముందు. సంతకం అయిపోయాక బేరమాడడానికి చేతిలో ఏమీ మిగలదు.

రెండు దళాలకూ పక్కపక్కనే పనులున్న ఊళ్లను ముందే గుర్తుపెట్టుకుని కోరికల జాబితాలో పైన రాయాలి: వాషింగ్టన్ రాష్ట్రంలో లూయిస్-మెకార్డ్, న్యూజెర్సీలో మెగ్వైర్-డిక్స్-లేక్‌హర్స్ట్, అలాస్కాలో ఎల్మెన్‌డార్ఫ్-రిచర్డ్‌సన్, టెక్సాస్‌లో శాన్ ఆంటోనియో, వర్జీనియాలో లాంగ్లీ-యూస్టిస్, ఇవి కాక కొలరాడో స్ప్రింగ్స్, హవాయీ.

ఇంకొక్క మాట. సైన్యం దృష్టిలో పెళ్లంటే కౌంటీ (స్థానిక ప్రభుత్వం) ఇచ్చే పెళ్లి లైసెన్సు. నిశ్చితార్థం చూపించి పోస్టింగు అడగడం కుదరదు. గుడిలో మూడు ముళ్లు పడినా లైసెన్సు లేకపోతే కాగితం మీద ఇద్దరూ అవివాహితులే. ఒకరికి బదిలీ దగ్గర పడుతోందంటే చాలా జంటలు ముందుగా కౌంటీ ఆఫీసులో పెళ్లి చేసుకుని, ముహూర్తానికి బంధువుల మధ్య వేడుక జరుపుకుంటాయి. సర్టిఫికెట్ రాగానే ముద్ర ఉన్న నకళ్లు మూడు నాలుగు తీసుకోండి. ఇద్దరూ వెళ్లి డీర్స్ (సైనికులు, వాళ్ల కుటుంబాల నమోదు) రికార్డులో ఒకరినొకరు భార్యాభర్తలుగా నమోదు చేయించుకోవాలి. తర్వాతి అర్జీలన్నీ ఆ రికార్డు చూసే నడుస్తాయి.

మేమిద్దరం నేవీలోనే ఉన్నాం. పెళ్లై ఏడాదైంది, పిల్లలు లేరు. ఇప్పుడు ఇద్దరికీ విత్ డిపెండెంట్స్ రేటులో (తమ మీద ఆధారపడినవాళ్లున్న వారికిచ్చే రేటు) అద్దె భత్యం రావాలి కదా? ఒకే ఓడ మీద పోస్టింగు అడగొచ్చా? – ఒక పాఠకుడు, శాన్ డియాగో

రాదు. అడగకూడదు.

సైన్యంలో ఉన్న జీవిత భాగస్వామి అద్దె భత్యం లెక్కలో డిపెండెంట్ కాదు. పిల్లలు లేనంతవరకూ ఇద్దరికీ ఎవరి హోదాను బట్టి వాళ్లకు వితౌట్ రేటే (డిపెండెంట్లు లేనివారి రేటు) వస్తుంది. పిల్ల పుట్టాక కూడా విత్ రేటు ఒక్కరికే, మామూలుగా హోదాలో పెద్దవారికి. రెండోవారు పాత రేటులోనే ఉంటారు. లెక్క తేలిగ్గా ఉండేందుకు ఊహించిన అంకెలు చెబుతాం. పెద్ద హోదావారి వితౌట్ రేటు 2,400 డాలర్లు, చిన్నవారిది 1,900 అయితే ఇప్పుడు ఇంటికి వచ్చేది 4,300. పెద్దవారి విత్ రేటు 2,700 అనుకుంటే పాప పుట్టాక 4,600. ఇద్దరికీ విత్ రేటు పడిందంటే సంబరపడకండి. అది పొరపాటున పడిన డబ్బు. ఆడిట్‌లో బయటపడ్డాక జీతంలో కోసి మొత్తం వెనక్కి తీసుకుంటారు. ప్రతి నెలా ఇద్దరి జీతపు చీటీలూ పక్కపక్కన పెట్టి చూసుకోవడం ఒక్కటే దీనికి మందు.

ప్రభుత్వ క్వార్టర్లో ఉంటే ఇద్దరి అద్దె భత్యమూ ఆగిపోతుంది. ప్రైవేటు కంపెనీ నడిపే బేస్ ఇళ్లలో డ్యూయల్ జంట (ఇద్దరూ సైన్యంలో ఉన్న జంట) దగ్గర ఎవరి రేటు ఆధారంగా అద్దె తీసుకుంటారో సంతకానికి ముందే రాతపూర్వకంగా అడగండి.

ఫ్యామిలీ సెపరేషన్ అలవెన్సు సంగతి వేరు. అంతవరకూ కలిసి కాపురం చేస్తూ, ఆర్డర్ల వల్ల ముప్పై రోజులకు మించి విడిగా ఉండాల్సి వస్తే పిల్లలు లేని జంటకూ అది వస్తుంది. అయితే జంటకు ఒక్కటే. ఎవరి ఆర్డర్ల వల్ల విడిపోవాల్సి వచ్చిందో వాళ్లకు ఇస్తారు. ఇద్దరూ ఒకే రోజు బయల్దేరాల్సి వస్తే హోదాలో పెద్దవారికి. డీడీ 1561 ఫారం నింపితేనే వస్తుంది, దానంతట అది రాదు.

ఓడ విషయానికొస్తే, భార్యాభర్తల్ని ఒకే ఓడ మీద వేయకూడదన్నది నేవీ విధానం. ఒడ్డు మీది ఆఫీసుల్లో వేయొచ్చు, ఒకరి పనితీరు మీద మరొకరు రిపోర్టు రాసే వరసలో ఉండకూడదు. ఒకరు సముద్రం మీద ఉంటే మరొకరు ఒడ్డున ఉండేలా వంతులు కుదిరితే ఇల్లు నడుస్తుంది. ఒకరి ఒడ్డు వంతు పూర్తయ్యే తేదీ, మరొకరి సముద్రపు వంతు మొదలయ్యే తేదీ ఎంత ఎడంగా ఉన్నాయో ఏడాది ముందు నుంచే డిటైలర్ (నేవీలో పోస్టింగులు చూసే అధికారి) చెవిన వేస్తూ ఉండండి.

మా బాబుకు రెండేళ్లు. ఇద్దరం ఆర్మీలో ఉన్నాం. ఫ్యామిలీ కేర్ ప్లాన్‌లో మా అత్తగారి పేరు రాస్తే కమాండర్ వెనక్కి పంపాడు. ఆవిడ విజిటర్ వీసా మీద వచ్చి మా దగ్గరే ఉన్నారు. రెండో పేరుగా మా యూనిట్‌లోనే ఉన్న స్నేహితుల పేరు రాశాం. ఎక్కడ తప్పు జరిగింది? – ఒక తల్లి, కొలరాడో

రెండు పేర్లూ నిలబడేవి కావు. కమాండర్ చేసింది సరైన పనే.

సైన్యంలోని జంటల విషయంలో పోస్టింగుల గురించి అందరూ మాట్లాడతారు. ఉద్యోగానికే ముప్పు తెచ్చేది మాత్రం ఈ ప్లానే. మైనర్ పిల్లలున్న డ్యూయల్ జంటలకూ, ఒంటరి తల్లిదండ్రులకూ ఇది తప్పనిసరి. భార్యాభర్తలిద్దరూ ఒకేసారి వెళ్లాల్సి రావచ్చు, దాన్ని ఆపే చట్టమేమీ లేదు. ఆ రోజు పిల్లవాడు ఎవరి చేతుల్లో ఉంటాడన్న ప్రశ్నకు కాగితం మీద జవాబు చూపించమని అడుగుతారు. ప్లాన్ లేదు కాబట్టి డిప్లాయ్‌మెంట్‌కు (ఇల్లు వదిలి నెలల తరబడి చేసే దూరప్రాంత విధికి) వెళ్లలేనంటే ఒప్పుకోరు. మళ్లీ చేరే అవకాశం ఆపేయొచ్చు, ఉద్యోగం నుంచే పంపేయొచ్చు.

ప్లాన్‌లో ఇద్దరు సంరక్షకులు కావాలి. మొదటివారు ఊళ్లోనే ఉండి, ఏ అర్ధరాత్రి ఫోన్ చేసినా కొన్ని గంటల్లో వచ్చి బిడ్డను తీసుకోగలగాలి. రెండోవారు నెలల తరబడి పెంచగలగాలి, వేరే ఊళ్లో ఉన్నా ఫరవాలేదు. ఇద్దరూ సైన్యంలో లేనివాళ్లే అయి ఉండాలి. మీ స్నేహితుల పేరు అక్కడే పోయింది. మీ యూనిట్‌కు పిలుపొచ్చిన రోజే వాళ్లకూ వస్తుంది.

ఇక మీ అత్తగారి విషయం. విజిటర్ వీసా మీద వచ్చేవారికి సాధారణంగా ఆరు నెలల గడువు ఇస్తారు. తేదీ ఐ-94లో (దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చే రికార్డు) ఉంటుంది. మీ డిప్లాయ్‌మెంట్ తొమ్మిది నెలలదై, ఆవిడ గడువు మధ్యలో ముగిస్తే బిడ్డ గతేమిటని కమాండర్ అడుగుతాడు. పొడిగింపుకు అర్జీ పెట్టుకోవచ్చు, వస్తుందన్న పూచీ లేదు. ఆవిడకు ఇక్కడ కారు నడపడం వచ్చా, డాక్టరుతో ఇంగ్లీషులో మాట్లాడగలరా అన్నవి కూడా వస్తాయి. ఆవిడ ప్రేమ గురించి ఎవరికీ అనుమానం లేదు. మీ ఇద్దరిలో అమెరికా పౌరసత్వం ఉన్నవారు తమ కన్నతల్లికి గ్రీన్‌కార్డు పెట్టవచ్చు, ఇరవై ఒక్క ఏళ్లు నిండి ఉండాలి. అది చేతికొచ్చాక అదే మనిషి పేరు చక్కగా నిలబడుతుంది. అంతదాకా దగ్గర్లో ఉన్న పిన్ని, బాబాయి, పెళ్లైన చెల్లెలు, కాలేజీనాటి స్నేహితురాలు, ఇక్కడే స్థిరపడి సైన్యంలో లేని ఎవరినైనా చూసుకోండి.

మీ ఆర్మీలో కాగితాలు ఇవి: ప్లాన్ కోసం డీఏ 5305, సంరక్షకులు ఒప్పుకున్నట్టు సంతకం చేసే డీఏ 5840, పవర్ ఆఫ్ అటార్నీకి డీఏ 5841. ఎయిర్‌ఫోర్స్‌లో 357 ఫారం, నేవీలో నావ్‌పర్స్ 1740/6. ఏటా తిరగరాయాలి. పిల్ల పుట్టినా, ఊరు మారినా, సంరక్షకుల చిరునామా మారినా మధ్యలోనే మార్చాలి. మీ ఇద్దరి కమాండర్లకూ అందించే ప్లాన్‌లో పేర్లు ఒకటే ఉండాలి. మీ దాంట్లో మీ చెల్లెలు, ఆయన దాంట్లో వాళ్లక్క ఉంటే రెండూ తిరిగొస్తాయి.

పవర్ ఆఫ్ అటార్నీని బేస్ లీగల్ ఆఫీసులో ఉచితంగా రాసిస్తారు. అన్నిటికీ కలిపి ఒక్కటే జనరల్ కాగితం రాయించుకుంటే ఆసుపత్రులు, బడులు తరచూ ఒప్పుకోవు. వైద్యానికి, బడికి అని ప్రత్యేకంగా రాయించండి. బిడ్డ బాధ్యత అప్పగించే అధికారానికి చాలా రాష్ట్రాల్లో గడువుంటుంది. డిప్లాయ్‌మెంట్ కంటే ముందే అది ముగిసిపోకుండా చూడమని లాయరుకు చెప్పండి.

చాలామందికి తెలియని వెసులుబాటు ఇంకొకటుంది. మామూలుగా పదేళ్లలోపు పిల్లలకు మిలిటరీ ఐడీ కార్డు ఇవ్వరు. డ్యూయల్ జంటల పిల్లలకు అంతకంటే ముందే ఇస్తారు. డీడీ 1172-2 ఫారం మీద మీ బాబుకు తీయించేయండి. మీరిద్దరూ లేనప్పుడు బేస్ ఆసుపత్రిలో బాబుకు వైద్యం చేయించడం సంరక్షకులకు తేలికవుతుంది.

కాగితాలతో పాటు ఒక సంచి సర్దిపెట్టండి. జనన ధ్రువపత్రం, టీకాల కార్డు, ట్రైకేర్ (సైనిక కుటుంబాల ఆరోగ్య బీమా) వివరాలు, అలర్జీలు, వాడే మందుల మోతాదు, డాక్టరు నంబరు, డేకేర్‌లో బాబును తీసుకెళ్లడానికి అనుమతి ఉన్నవాళ్ల జాబితాలో సంరక్షకుల పేరు, కారు సీటు. ఆ జాబితాలో పేరు లేక డేకేర్ గుమ్మం దగ్గర ఆగిపోయిన ప్లాన్లు చాలా ఉన్నాయి. నెలనెలా వాళ్ల ఖర్చుకు జీతం నుంచి ఎలాట్‌మెంట్ (నేరుగా వాళ్లకు వెళ్లే మొత్తం) పెట్టొచ్చు, ఆ మొత్తం కూడా ప్లాన్‌లో రాయాలి.

అవసరమైతే బాబును ఇండియాలో అమ్మమ్మ దగ్గరికి పంపాలన్న ఆలోచన ఉంటే పాస్‌పోర్టు ఇప్పుడే తీయించండి. పదహారేళ్లలోపు పిల్లలకు తల్లిదండ్రులిద్దరూ వెళ్లాలి, లేదా రానివారు డీఎస్-3053 సమ్మతి పత్రాన్ని నోటరీ చేయించి ఇవ్వాలి. ఒకరు ఓడ మీదో ఎడారిలోనో ఉన్నప్పుడు నోటరీ కోసం తిరగడం నరకం. ఓసీఐ (భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే కార్డు) గానీ వీసా గానీ దాంతోపాటే. ఊరికి తీసుకెళ్లి దిగబెట్టేదెవరో కూడా పేరుతో రాయండి, పసివాడు ఒంటరిగా విమానం ఎక్కలేడు.

జూన్‌లో కాన్పు. నాకూ మావారికీ కలిపి పన్నెండు వారాల సెలవా, చెరో పన్నెండా? ఇద్దరం ఒకే సమయంలో తీసుకోవడం మంచిదా? – ఒక పాఠకురాలు, జార్జియా

చెరో పన్నెండు వారాలు. 2022 డిసెంబరు 27 నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది. దత్తతకూ వర్తిస్తుంది. మీకు కాన్పు తర్వాత డాక్టరు సిఫారసు మీద వచ్చే విశ్రాంతి సెలవు దీనికి అదనం. ఆయన వంతును మీకు బదలాయించడం కుదరదు. ఏడాదిలోపు వాడుకోకపోతే పోయినట్టే, డబ్బుగా మార్చుకోలేరు.

ఇద్దరూ మొదట్లోనే కలిసి వాడేస్తే నాలుగో నెలలో పసిబిడ్డను డేకేర్‌కు పంపాల్సి వస్తుంది, బేస్ డేకేర్‌లో వెయిటింగ్ లిస్టు పొడుగ్గా ఉంటుంది. ఆయన కాన్పప్పుడు రెండు మూడు వారాలు తీసుకుని, మీరు పనిలోకి వెళ్లే రోజు నుంచి మిగతావి మొదలుపెడితే బిడ్డకు ఐదారు నెలలు వచ్చేదాకా ఇంట్లో ఒకరుంటారు. మాకు నచ్చిన పద్ధతి ఇదే. విడతలకు కమాండర్ ఒప్పుకోవాలి కాబట్టి తేదీలు రాసి ఏప్రిల్‌లోనే ఇవ్వండి. డేకేర్ లిస్టులో పేరు ఈ వారమే.

మీరు ఆర్మీ అయితే, 2022 నాటి ఆదేశం ప్రకారం కాన్పు తర్వాత పన్నెండు నెలలు మిమ్మల్ని డిప్లాయ్ చేయరు. అది కన్నతల్లికి ఇచ్చే రక్షణ, మీ ఆయన్ను పంపొచ్చు. బిడ్డను తొంభై రోజుల్లోపు డీర్స్‌లో ఎక్కించాలి, ఒకరి కిందే. ఎవరు ఎక్కువకాలం సర్వీసులో ఉంటారనుకుంటే వాళ్ల కింద పెట్టండి. వాళ్లు ముందే బయటకొస్తే బిడ్డ ట్రైకేర్ మళ్లీ మార్చుకోవాల్సి వస్తుంది.

ఇద్దరం సార్జెంట్లుగా ఉన్నప్పుడు పెళ్లైంది. ఇప్పుడు ఆమె ఆఫీసర్ శిక్షణకు ఎంపికైంది. ఆఫీసర్లు, ఎన్‌లిస్టెడ్ (ఆఫీసర్లు కాని సిబ్బంది) మధ్య సంబంధం నేరమంటారు కదా? – ఒక పాఠకుడు, వర్జీనియా

మీ పెళ్లికి ఏ ఢోకా లేదు. నిషేధం కొత్తగా మొదలయ్యే సంబంధాల మీద. ముందే పెళ్లయి తర్వాత ఒకరు కమిషన్ పొందితే (ఆఫీసరైతే) అది తప్పు కాదు. ఆమె కమాండ్ కింద మీరు లేకుండా మాత్రం చూస్తారు. యూనిఫాంలో బయట ఎదురైతే సెల్యూట్ మీరే కొట్టాలి, ఇంట్లో సంగతి మీ ఇష్టం.

ఇద్దరికీ ఎస్‌జీఎల్ఐ (సైనికుల జీవిత బీమా) ఉంది. భార్యాభర్తలం కాబట్టి డబ్బు ఒకరిది మరొకరికి దానంతట అదే వస్తుందా? – ఒక పాఠకురాలు, హవాయీ

నామినీగా ఎవరి పేరుంటే వాళ్లకే వస్తుంది. పెళ్లికి ముందు అమ్మ పేరో తమ్ముడి పేరో రాసి ఉంటే పెళ్లయినంత మాత్రాన అది మారదు. ఆన్‌లైన్‌లో ఎస్‌ఓఈఎస్‌లోకి (ఈ బీమా వివరాలు మార్చుకునే చోటు) వెళ్లి మీరే మార్చాలి. 2023 మార్చి 1 నుంచి గరిష్ఠ మొత్తం 5,00,000 డాలర్లు. మరణ సాయంగా వచ్చే 1,00,000 డాలర్లకు నామినీ డీడీ 93 ఫారంలో ఉంటుంది. ఇది వేరే కాగితం, దీన్నీ విడిగా మార్చాలి.

మీలాంటి జంటలు ఆలోచించాల్సింది ఇంకొకటుంది. ఇద్దరికీ ఒకేసారి ఏదైనా జరిగితే? డబ్బు అందాల్సింది చిన్నపిల్లకే అయితే అది నేరుగా చేతికి రాదు. కోర్టు గార్డియన్‌ను నియమించేదాకా ఆగుతుంది. అందుకే పిల్లల పేరు ఊరికే రాయకుండా, వాళ్ల కోసం ట్రస్టు గానీ కస్టోడియన్‌ను (పిల్లల తరఫున డబ్బు చూసుకునే వ్యక్తి) గానీ పెట్టాలి. వీలునామాలో గార్డియన్‌గా రాసే పేరు, ఫ్యామిలీ కేర్ ప్లాన్‌లోని దీర్ఘకాల సంరక్షకుల పేరు ఒక్కటే అయితే చిక్కులు తగ్గుతాయి. వీలునామా కూడా బేస్ లీగల్ ఆఫీసులో ఉచితమే.

భాగస్వామి మీద 1,00,000 డాలర్ల వరకూ తీసుకునే ఫ్యామిలీ ఎస్‌జీఎల్ఐ మిగతావారికి పెళ్లితోనే మొదలవుతుంది. ఇద్దరూ సైన్యంలో ఉన్నవారికి 2013 జనవరి 2 నుంచి పెళ్లి చేసుకున్నా అలా మొదలుకాదు, కావాలనుకుంటే అర్జీ పెట్టుకోవాలి. ఇద్దరికీ పూర్తి ఎస్‌జీఎల్ఐ ఉంటే అది కూడా అవసరమా అనేది మీ అప్పులు చూసుకుని నిర్ణయించుకోండి.

జీఐ బిల్లు (సర్వీసు చేసినవారికి వచ్చే చదువు సాయం) పిల్లలకు బదిలీ చేయాలంటే ఇద్దరం చేయాలా? – ఒక పాఠకుడు, నార్త్ కరోలినా

ఎవరి 36 నెలల సాయం వాళ్లది, బదిలీ కూడా ఎవరిది వాళ్లు చేయాలి. ఆరేళ్ల సర్వీసు పూర్తయి, ఇంకో నాలుగేళ్లు పనిచేస్తామని ఒప్పుకుంటేనే వీలవుతుంది. కాబట్టి ఎలాగూ కొనసాగాలనుకున్నవారు బదిలీ చేయడం, బయటకు వద్దామనుకున్నవారు తమ చదువుకు అట్టిపెట్టుకోవడం మేలు. భార్యకో భర్తకో బదిలీ చేస్తే, చేసినవారు యాక్టివ్ డ్యూటీలో ఉన్నంతకాలం వాడుకునేవారికి ఇంటి భత్యం రాదు, పిల్లలకైతే వస్తుంది. సర్వీసులో ఉండగానే ప్రతి బిడ్డ పేరు మీదా కనీసం ఒక్క నెలైనా రాసి ఉంచండి. బయటకొచ్చాక నెలల్ని ఒకరి నుంచి ఒకరికి మార్చుకోవచ్చు, కొత్త పేరు చేర్చడం మాత్రం కుదరదు.